స్లైడు మీద అసలు మాట ఎక్కడ?

సెమినార్‌లో మాట్లాడమనగానే చాలామంది ముందు స్లైడ్లు తయారుచేయడానికి కూర్చుంటారు. అంతకంటే ముందు, వినేవారు గుర్తుంచుకోవలసిన విషయాన్ని ఒక్క వాక్యంలో రాసుకోండి. స్లైడుకు ఆ వాక్యాన్నే శీర్షికగా పెట్టండి.

ఎందుకో చూద్దాం. 2003 జనవరి 16న కొలంబియా వ్యోమనౌక బయలుదేరినప్పుడు ఇంధన ట్యాంకు నుండి ఊడిన నురుగు ముక్క ఎడమ రెక్కకు తగిలింది. నౌక అంతరిక్షంలో ఉండగానే ఇంజనీర్లు నష్టాన్ని అంచనా వేసి, నాసా అధికారులకు స్లైడ్ల ద్వారా వివరించారు. వాటిలో ముఖ్యమైన స్లైడు శీర్షిక చదివితే భయమేమీ లేదనిపిస్తుంది. కానీ పాత పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలు, ఇప్పుడు ఊడినది 1920 ఘనపు అంగుళాలని లెక్క. అంటే 640 రెట్లు! ఆ సంగతి అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉంది. ఫిబ్రవరి 1న తిరిగివస్తూ నౌక ముక్కలైంది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురు మరణించారు. ప్రమాదానికి స్లైడు కారణమని కాదు. అయితే అది చదివిన అధికారికి ప్రాణాపాయం తట్టకపోవచ్చునని దర్యాప్తు బోర్డు రాసింది.

మీ స్లైడును చివరి బెంచీలో కూర్చుని చదివి చూడండి. గ్రాఫు చూపేటప్పుడు ఏ అక్షం దేన్ని సూచిస్తుందో ముందు చెప్పి, కాసేపు ఆగండి. చదివేవారు మీ మాట వినలేరు. తెరవైపు తిరిగి మాట్లాడకండి. కరెంటు పోవచ్చు కూడా. ముఖ్యమైన పటాన్ని సుద్దముక్కతో బోర్డు మీద గీయడం ఇంట్లోనే రెండుసార్లు సాధన చేసి వెళ్ళండి.