జట్టు ఎలా కుదురుతుంది?

"ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చింది" అని మనవాళ్లు ఊరికే అనలేదు. పదిమందికీ చెందిన పని ఏ ఒక్కరిదీ కాకుండా పోతుందని ఆ సామెత భావం. ఫ్రాన్సులో రింగెల్‌మన్ అనే వ్యవసాయ ఇంజనీరు ఇదే సంగతిని మనుషుల చేత తాడు లాగించి కొలిచాడు. 1913లో ఆయన ప్రకటించిన లెక్కల ప్రకారం, 8 మంది కలిసి లాగితే ఒక్కొక్కడు పెట్టే బలం తానొక్కడే లాగినప్పటి బలంలో సగానికి పడిపోతుంది. అందరూ ఒకే క్షణంలో లాగలేకపోవడం కొంత కారణం. పక్కవాడు లాగుతున్నాడులే అన్న ధీమా కొంత.

మరి మన పల్లెల్లో గుత్తకు నాట్లు వేసే ఆడవాళ్ల ముఠాను చూడండి. అక్కడా పదిమందే. ఎకరానికి ఇంత అని మాట్లాడుకుంటారు, వచ్చిన డబ్బు సమంగా పంచుకుంటారు. వెనకబడిన మనిషిని ఆసామి కేకెయ్యనక్కర్లేదు, "ఏమే, ఇవాళ నిద్రలోనే వచ్చావా?" అని పక్కమనిషే అందుకుంటుంది. ఒంట్లో బాగాలేదని తెలిస్తే ఆమె వంతు కూడా తనే కలుపుకుంటుంది. తాడు లాగినవాళ్లకీ వీళ్లకీ తేడా ఎక్కడుంది?

నేను ఈ కళాశాలలో బి.ఎస్సీ. చదివి, ముప్పయ్యేళ్లు కర్మాగారాల్లో ఉత్పత్తి విభాగంలో పనిచేసినవాణ్ణి. "టీమ్ స్పిరిట్" మీద నేను విన్న ఉపన్యాసాలకు లెక్కలేదు. వక్తగారు చీమల గురించీ తేనెటీగల గురించీ చెబుతారు, మేం చప్పట్లు కొడతాం, టీ తాగి మళ్లీ ఎవరి బెంచీ దగ్గరికి వాళ్లం పోతాం. నా వుద్దేశంలో జట్టు అనేది ఉపన్యాసాల్లో కాదు, పని పంపకంలో కుదురుతుంది. దీనికి నాకు తెలిసినంతలో మంచి రుజువు అహమ్మదాబాదులో దొరికింది.

అక్కడి కాలికో మిల్లులో కొత్తగా ఆటోమేటిక్ మగ్గాలు పెట్టారు. యంత్రాలు మంచివే. అయినా పాత మగ్గాలకంటె పని మెరుగ్గా సాగలేదు. 1953లో లండన్‌లోని టావిస్టాక్ సంస్థకు చెందిన ఎ.కె. రైస్ వచ్చి షెడ్డు చూశాడు. 200కు పైగా మగ్గాలు, 29 మంది మనుషులు, 12 రకాల పనులు. నేసేవాడు వేరు, పేక కండెలు నింపేవాడు వేరు, తెగిన పడుగు సరిచేసేవాడు వేరు, నూనె వేసేవాడు వేరు, చివరికి వూడ్చేవాడు కూడా వేరు. కాగితం మీద ఎంతో శాస్త్రీయంగా కనిపించే ఏర్పాటే.

చిక్కు ఎక్కడంటే, నేసేవాళ్లు 8 మంది, కండెలవాళ్లు 5గురు, పడుగు సరిచేసేవాళ్లు ముగ్గురు. లెక్క కడితే ఒక్కొక్క నేతగాడికి కండెలవాడిలో ఎనిమిదింట ఐదు వంతులు, పడుగువాడిలో ఎనిమిదింట మూడు వంతులు దక్కుతారు! మనిషిని అలా కోసి పంచుకోవడం ఎలా? పోగులు తెగి నా మగ్గం ఆగిపోతే, సరిచేయాల్సినవాడు ఆ చివర యింకొకడి మగ్గం దగ్గర వుంటాడు. వాడిదీ తప్పు కాదు, నాదీ కాదు. అయినా మగ్గం ఆగే వుంది, మాటా మాటా పెరుగుతూనే వుంది.

రైస్ సూచన చాలా సులభమైనది. షెడ్డును పనుల వారీగా కాకుండా మగ్గాల వారీగా విడగొట్టండి, కొన్ని మగ్గాలకు ఒక చిన్న జట్టు, ఆ మగ్గాల పనంతా ఆ జట్టుదే అన్నాడు. కార్మికులు దాన్ని వెంటనే అందుకున్నారు. ఏ జట్టులో ఎవరుండాలో కూడా వాళ్లే తేల్చుకున్నారు. కుదురుకోవడానికి కొంతకాలం పట్టింది. ఆ తరువాత మగ్గాల సామర్థ్యం సుమారు 80 శాతం నుంచి 95 శాతానికి పెరిగింది, గుడ్డలో లోపాలు 32 శాతం నుంచి 20 శాతానికి తగ్గాయి. మగ్గాలు అవే, మనుషులూ వాళ్లే. నాట్ల ముఠాలో వున్నదే ఇక్కడా వచ్చింది: పని మొదలూ చివరా కంటికి కనిపిస్తాయి, ఎవరి సాయం ఎవరికి కావాలో అడగకుండానే తెలుస్తుంది.

యిక మన ప్రాంతం సంగతి. జపాన్‌లో 1962లో మొదలైన క్వాలిటీ సర్కిళ్లను మనదేశంలో మొదట 1980లో ప్రారంభించింది హైదరాబాదు దగ్గరి రామచంద్రాపురం బి.హెచ్.ఇ.ఎల్. వారే. 1982లో క్వాలిటీ సర్కిల్ ఫోరం సికింద్రాబాదు కేంద్రంగా ఏర్పడింది. ఒకే చోట పనిచేసే కొద్దిమంది తమంతట తామే కూర్చుని, తమ పనిలోని ఇబ్బందులకు తామే మార్గం వెతుక్కోవడం దీని పద్ధతి.

నేను పనిచేసిన ఒక కర్మాగారంలోనూ సర్కిళ్లు పెట్టారు. ప్యాకింగులో తొమ్మండుగురు కూర్చుని, ప్రతి పెట్టెనూ రెండుసార్లు మోస్తున్నామని గుర్తించారు. కట్టు వేసే బల్లను కాటా పక్కకు జరిపితే ఒక మోత తప్పుతుందని బొమ్మ గీసి మరీ పైకి పంపారు. వడ్రంగికి రెండు రోజుల పని. ఆరు నెలలైనా జవాబు రాలేదు. యీలోగా వాళ్లలో పెద్దాయన ఒకాయన, "బాబూ, ఒక మోత తగ్గితే ఇద్దరు మనుషులు మిగులుతారు. ఆ ఇద్దరూ ఎక్కడికి పోవాలి?" అని నన్నడిగాడు. నేను ఆ ప్రశ్నను పైకి మోశాను. దానికీ జవాబు లేదు. ఆ తరువాత సర్కిల్ సమావేశాలంటే సంతకం, బిస్కట్టు, అంతే. సంవత్సరాంతపు నివేదికలో మాత్రం "కార్మికులలో సమష్టి భావం కొరవడింది" అని రాశారు! తొమ్మండుగురు నోరు విప్పి చెప్పిన తరువాత కూడా సమష్టి భావం లేదనడం అన్యాయం.

రేపు ఇంటర్వ్యూలో "జట్టులో కలిసి పనిచేయగలరా?" అని మిమ్మల్ని తప్పకుండా అడుగుతారు. చేయగలమనే చెప్పండి. చేరిన తరువాత మాత్రం, మీ జట్టు చెప్పిన మాటకు ఎవరు, ఎన్నాళ్లలో బదులు చెబుతారో కనుక్కోండి.

అహమ్మదాబాదు కథ అక్కడితో ఆగలేదు. ఆ షెడ్లు 1970 నాటికి ఎలా వున్నాయో ఎరిక్ మిల్లర్ పరిశీలించి 1975లో ప్రకటించాడు. ఒకచోట జట్టు పద్ధతి పదహారేళ్ల తరువాత కూడా దాదాపు చెక్కుచెదరలేదు. మిగతాచోట్ల జారిపోయింది. బజారులో గిరాకీ మారి రకరకాల గుడ్డ నేయవలసి రావడంతో పని చిక్కుపడింది, జట్టు తన పని తాను చూసుకునే వీలు తగ్గిపోయింది. 1990లలో మిల్లే మూతపడింది. జట్టు నిలిచిన షెడ్డుకీ, జారిపోయిన షెడ్డుకీ కూడా తాళం పడింది.