పాలా పడిన ఉదయం

హిమాచల్‌లో పనిచేసినప్పుడు మా తెలుగు తరగతికి ఓ చిక్కు వచ్చింది. అక్కడివాళ్లు ఓస్, కోహ్‌రా, పాలా, బర్ఫ్ అని నాలుగు మాటలు వాడేచోట మేము అన్నిటికీ ‘మంచు’ అని సరిపెట్టుకున్నాం. గడ్డి మీది నీటిబొట్టూ మంచే, దారి కనబడనివ్వని పొగా మంచే, ఆకుల అంచున ఉప్పు చల్లినట్టు తెల్లగా కట్టేదీ మంచే. ఈ చివరిదే పాలా. తోటలున్న ఇళ్ల పిల్లలకు ఆ మాటంటే భయం. ఆపిల్ పూతకొచ్చాక ఒక్క రాత్రి పాలా గట్టిగా పడితే ఆ ఏడాది కాపు పోవచ్చు.

‘పడింది’ అంటాం గానీ అది పైనుంచి పడదు. మబ్బు లేని, గాలి కదలని రాత్రి ఆకులు తమ వేడిని ఆకాశానికి వదిలేసి, చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడతాయి. గాలిలోని తేమ వాటి మీదే చేరి గడ్డకడుతుంది.

నీరు 0 డిగ్రీల దగ్గర గడ్డకడుతుందని మనమంతా బట్టీపట్టాం కదా! నిజానికి స్వచ్ఛమైన చిన్న నీటిబొట్టు మైనస్ 35 డిగ్రీల దాకా నీరుగానే ఉండగలదు. గడ్డకట్టాలంటే నీటి అణువులు ఒక వరుసలో కుదురుకోవాలి. అందుకు ముగ్గుకు చుక్కల్లాగా ఏదో ఒక ఆధారం కావాలి. ఆకు మీద ఆ చుక్కలు పెట్టేది చాలాసార్లు ఒక బాక్టీరియా.

పేరు సూడోమోనాస్ సిరింగే. సిరింగా అంటే లైలాక్ మొక్క. మొదట దాని మీద దొరికింది. పొడవు మిల్లీమీటరులో వెయ్యో వంతుకు కాస్త ఎక్కువ. దీని పైపొరలోని ఒక ప్రొటీన్ నీటి అణువులను మంచు స్ఫటికంలో ఉండే తీరున నిలబెడుతుంది. దాంతో మైనస్ 2 డిగ్రీల దగ్గరే మంచు మొదలవుతుంది. ఇది లేకపోతే లేత ఆకు ఇంకొన్ని డిగ్రీల చలికి ఓర్చుకునేదే. మంచు కణాలను చీలిస్తే లోపలి రసం బయటికొస్తుంది. అదే దీని భోజనం! ఆకులు రాలిన చలికాలమంతా మొగ్గల్లో తలదాచుకుని, పూత వేళకు మళ్లీ పెరుగుతుంది.

1987లో కాలిఫోర్నియాలో, ఆ ప్రొటీన్ జన్యువును తీసేసిన బాక్టీరియాను స్ట్రాబెర్రీ, బంగాళాదుంప మొక్కల మీద చల్లి చూశారు. ప్రయోగం నచ్చనివాళ్లు మొక్కలు పీకిపారేశారు కూడా. మరోవైపు, స్కీయింగ్ చేసే చోట్ల కృత్రిమ మంచు కురిపించడానికి ఇదే బాక్టీరియాను చంపి, నీటిలో కలిపి వాడతారు.

మీ నాన్నగారికో అమ్మగారికో చలి ఊరికి బదిలీ అయితే, పాలా పడిన రోజు తెల్లవారుతూనే బయటికి వెళ్లి చూడండి. ఆరుబయట గడ్డి తెల్లగా ఉంటుంది. గుబురు చెట్టు కింద మాత్రం పచ్చగానే ఉంటుంది, కొమ్మలు ఆకాశానికి అడ్డం నిలబడ్డాయి కాబట్టి.