పాత మోటారుబండ్ల సంఘములు

దేవాలయ రథము ఏడాదిలో నూటికి తొంబది పాళ్లు కొట్టములోనే యుండును. ఉత్సవమునాడు దానిని వీథిలోనికి తెచ్చుటకు మాత్రము ఊరివారందరును కావలెను. ఇరుసునకు ఆముదము పోయువాడొకడు, చక్రము క్రింద చెక్క వేయువాడొకడు, మోకు పట్టువారు నూర్గురు. పొలము గట్టు తగాదాతో మాటలు మానుకొన్నవారును వారిలో నుందురు. మోకు చేతికి వచ్చిన తరువాత ఆ తగాదా కొంతసేపు మరుగుపడును. ఇంగ్లండు దేశమున ఇట్టి పనియే పాత మోటారుబండ్ల చుట్టును జరుగుచున్నది. అచ్చట దేవుడు లేడు, ప్రసాదము లేదు. నూటయిరువది యేండ్లు దాటిన యొక యంత్రమును, దానిని కదలించి తీరవలెనను పట్టుదల గల కొందరు మనుష్యులును ఉన్నారు. వారు సంఘములుగా కూడి ఏటేట యాత్రలు చేయుదురు. ఆ సంఘములను గూర్చియు, వారి యాత్రలలో మిక్కిలి పేరుగన్న లండను-బ్రైటను యాత్రను గూర్చియు నేడు చెప్పదలచితిని.

ఈ యాత్రకు మూలము ఒక చట్టము. 1865 లో ఇంగ్లండున చేసిన శాసనము ననుసరించి, గుఱ్ఱము లేక యంత్రబలముతో నడచు బండి పల్లెలలో గంటకు 4 మైళ్లకును, పట్టణములలో 2 మైళ్లకును మించి పోరాదు. అంతేకాక బండికి 60 గజముల ముందు ఒక మనిషి ఎఱ్ఱజెండా పట్టుకొని నడవవలెను. మన యెద్దుబండి కూడ అంతకంటె వేగముగా పోగలదు. ఆ శాసనము ఆవిరి యంత్రములను చూచి భయపడి చేసినది. 1878 లో జెండా నియమమును సడలించిరి గాని ముందు నడచు మనిషిని మాత్రము తీసివేయలేదు. ఫ్రాన్సు, జర్మనీ దేశములలో పెట్రోలుబండ్లు పుట్టి తిరుగుచుండగా ఇంగ్లండు బండ్లు కాలినడకనే పోవలసివచ్చెను. కడపట 1896 లో క్రొత్త చట్టము వచ్చి తేలికబండ్లను ఈ బంధమునుండి విడిపించెను. గంటకు 14 మైళ్ల వేగమునకు అనుమతి కలిగెను. అధికారులు దానిని 12 కు తగ్గించిరి.

ఆ చట్టము అమలులోనికి వచ్చిన దినము 1896 నవంబరు 14. ఆ యుదయమున హారీ లాసన్ అను వ్యాపారి లండనులో మోటారువారి నందరిని విందునకు పిలిచెను. విందులో వించెల్సీ ప్రభువు ఒక ఎఱ్ఱజెండాను సభాముఖమున చించెను. పిమ్మట ముప్పదికి పైగా బండ్లు బ్రైటను అను సముద్రతీర పట్టణమునకు బయలుదేరెను. వానిలో చేరినవి ఇంచుమించు సగమే. అందరికంటె ముందు చేరినవి ఫ్రాన్సునుండి వచ్చిన బోలే సోదరుల మూడుచక్రముల బండ్లు. ఒక బండిని రైలులో ఎక్కించి తెచ్చి, బ్రైటను స్టేషను దగ్గర దింపి, దారి పొడుగునను వచ్చినట్లు కనబడుటకై బురద పూసిరని నాటినుండియు ఒక వదంతి కలదు. ఈ లాసన్‌గారి విషయమునను ఒక మాట చెప్పవలెను. మోటారు పేటెంట్లనన్నిటిని తానే కొని, పరిశ్రమనంతయు గుప్పిట పెట్టుకొనవలెనని ఆయన యత్నించెను. 1904 లో వాటాదారులను మోసగించిన నేరమునకు కఠినశిక్ష ననుభవించెను. చెఱువు త్రవ్వించిన ప్రతివాడును ధర్మాత్ముడు కాకపోవచ్చును; నీరు మాత్రము అందరును త్రాగుదురు.

తరువాత ముప్పది యేండ్లలో మోటారు విద్య ఎంత పెరిగెననగా, తొలినాటి బండ్లు గాదెల మూలలలో కోళ్లకు గూళ్లయ్యెను. కొన్ని తుక్కుక్రింద తూకమునకు పోయెను. 1927 లో ఒక లండను పత్రిక వారు ఆ పాతయాత్రను మరల జరిపించిరి. జనులు నవ్వుటకు వచ్చిరి. ఆ బండ్లకు 'ముసలి డొక్కుబండ్లు' అని అర్థము వచ్చు ఇంగ్లీషు ఎగతాళి పేరు కూడ వాడుకలోనికి వచ్చెను. బండ్ల యజమానులకు ఆ పేరు నచ్చలేదు. 1930 లో యాత్ర ముగిసిన సాయంకాలము బ్రైటనులోని ఓల్డ్ షిప్ హోటలులో ముగ్గురు మిత్రులు కూర్చుండి, ఈ బండ్లను గౌరవముతో కాపాడుటకు ఒక సంఘముండవలెనని నిశ్చయించిరి. అట్లు పుట్టినది వెటరన్ కార్ క్లబ్బు. ఆ యేడే యాత్ర నిర్వహణభారము రాయల్ ఆటోమొబైల్ క్లబ్బుపై పడెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమునను, పెట్రోలు కఱవు వచ్చిన 1947 లోను, మహమ్మారి ప్రబలిన 2020 లోను తప్ప ఈ యాత్ర నేటివరకు ఆగలేదు. 1934 లో వింటేజ్ స్పోర్ట్స్ కార్ క్లబ్బు అను మఱియొకటి ఏర్పడెను. దానిలోనివారు కొంచెము దూకుడు గలవారు. కొండలెక్కు పోటీలు, పందెములు వారికి ఇష్టము.

పాతది అనినంతనే అన్నియు నొక్కటి కావు. 1904 చివరివరకు కట్టినవి వెటరన్ బండ్లు. 1905 మొదలు 1918 వరకు కట్టినవానిని ఎడ్వర్డియన్ అందురు. 1919 మొదలు 1930 వరకు కట్టినవి వింటేజ్. లండను-బ్రైటను యాత్రకు 1905 జనవరి 1 కి ముందు కట్టిన బండ్లే అర్హములు. ఒక్క దినము తేడా వచ్చినను చోటు లేదు. ఇచ్చటనే అసలు చిక్కు. నాటి బండ్లకు జన్మపత్రికలు సరిగా లేవు. ఒకే నమూనా రెండేండ్లు అమ్మెడివారు; ఒక బండి ఇంజను చెడిన మఱియొకదాని ఇంజను బిగించెడివారు. కావున క్లబ్బులో కాలనిర్ణయము చేయు పెద్దలు కొందరు ఉందురు. చట్రము మీది అంకెలు, ఇంజను అంకెలు, నాటి కంపెనీల జాబితాలు, పేటెంటు కాగితములు, పాత ఛాయాచిత్రములు ముందు పెట్టుకొని, ఈ బండి ఏనాటిదని తేల్చుదురు. తాళపత్రగ్రంథమునకు లిపిని, ఆకును, ప్రతి వ్రాసినవాని గద్యను చూచి కాలము నిర్ణయించు పనికిని దీనికిని భేదమేమియు లేదు.

ఒకడు పది సంవత్సరములు ఆదివారములన్నియు ధారపోసి, త్రుప్పుపట్టిన చట్రమునుండి బండిని నిలబెట్టినాడనుకొనుడు. తీర్పు చెప్పువారు అతని మిత్రులే. అతనికి మర సామానులిచ్చినవారు, అతని యింట భోజనము చేసినవారు. అంకెలు చూడగా ఆ బండి 1905 నాటిదని తేలినది. ఏమి చేయవలెను? యాత్రలో చోటు పోవుటయే కాదు, బండి వెలయు బాగుగా పడిపోవును. నేను బడిపంతులుగా నుండగా బంధువుల పిల్లల పరీక్షకాగితములు దిద్దినవాడను గనుక, ఆ పెద్దల అవస్థ నాకు తెలియును. ఉన్నదున్నట్లు చెప్పుటయే వారి పద్ధతి. ఒక్క పత్రము దాక్షిణ్యము చేత వ్రాసినచో మిగిలిన పత్రములన్నిటికిని విలువ పోవునుగదా! మనసు నొచ్చుకొని పోవువారుందురు. అయినను ఎడ్వర్డియన్ బండ్లకు వేరు యాత్రలున్నవి. వానిలో చేరి తిరుగుట కభ్యంతరము లేదు. స్నేహము పోకుండ సత్యము చెప్పుట నేర్చిన సంఘము గనుకనే అది తొంబది యేండ్లు దాటి నిలిచినదని నా తలంపు.

ఇక యాత్ర. నవంబరు మొదటి ఆదివారమున సూర్యోదయ వేళకు వందలకొలది బండ్లు లండనులోని హైడుపార్కున చేరును. ఎఱ్ఱజెండాను లాంఛనముగా చించుదురు. అప్పుడు పెద్దవానితో ఆరంభించి ఒక్కొక్కటిగా బండ్లను విడుతురు. దూరము సుమారు 60 మైళ్లు. ఇది పందెము కాదు. సగటు వేగము గంటకు 20 మైళ్లు మించరాదు. ఎవరు మొదట చేరిరో ప్రకటింపరు. సాయంకాలము నాలుగున్నరలోపల చేరినవారికందరికిని పతకమిత్తురు. నవంబరునాటి ఇంగ్లండు చలి మన మాఘమాసపు చలి వంటిది కాదు. ఈ బండ్లలో చాలవానికి కప్పు లేదు, ముందు అద్దము లేదు. వాన కురిసినచో ముఖము మీదనే.

ఈ బండ్లను నడుపుట ఒక్కని పని కాదు. కొన్నిటికి చక్రము వంటి చుక్కానికి బదులు పడవ చుక్కానివలె ఒక పిడి యుండును. నిప్పురవ్వ ముందుగా పుట్టవలెనా, ఆలస్యముగా పుట్టవలెనా యనునది చేతిమీటతో సవరింపవలెను. ఇంజనునకు చుక్కచుక్కగా నూనె పడుచున్నదా లేదాయని ప్రక్కవాడు కనిపెట్టుచుండవలెను. ముందున్న హాండిలు త్రిప్పి ఇంజను లేపునప్పుడు నిప్పురవ్వను వెనుకకు పెట్టుట మరచినచో హాండిలు ఎదురుతిరిగి మణికట్టు విరుచును. అందుచేత బొటనవ్రేలిని పిడి చుట్టును త్రిప్పక, తక్కిన వ్రేళ్ల ప్రక్కనే యుంచి పట్టుకొనుమని క్రొత్తవారికి తొలిపాఠము చెప్పుదురు. బ్రేకులు నామమాత్రము. ఎత్తున బండి వెనుకకు జారకుండ కొన్నిటికి అడుగున ఒక ఊతకఱ్ఱ వ్రేలాడుచుండును. దానిని నేలకు దింపినచో అది గ్రుచ్చుకొని బండిని ఆపును. అదియు లేనిచో ప్రక్కవాడు దిగి చక్రము క్రింద చెక్క వేయవలెను. బ్రైటనునకు ముందు సౌత్ డౌన్స్ అను గుట్టలున్నవి. అచ్చట ఎక్కిన సవారీలు దిగి నెట్టుట సర్వసాధారణము. ఎన్ని కోట్ల ధనవంతుడైనను నెట్టవలసినదే; ఈ యాత్రలో నాకు మిక్కిలి నచ్చిన భాగమిది.

దారిలో నొక బండి ఆగినచో వెనుకవాడు తన బండి నాపి దిగును. తన పెట్టెలోని తోలుపట్టెయో, స్పార్కు ప్లగ్గో, రాగితీగెయో ఇచ్చును. కట్టిన కంపెనీలు చాలవరకు ఏనాడో మూతపడినవి గనుక ఈ బండ్ల భాగములు అంగడిలో దొరకవు. ఒకనియొద్ద నున్న పండ్లచక్రమును అరువు తెచ్చి, దానిని చూచి అచ్చు చేసి, క్రొత్తది పోతపోయించుకొని, పాతది భద్రముగా తిరిగి యిత్తురు. ఒకటి పోయించినప్పుడు తక్కినవారికొఱకు నాలుగు పోయింతురు. భారతమున ఋతుపర్ణుడు విదర్భకు పోవుచు బాహుకవేషములో నున్న నలునకు అక్షహృదయము నుపదేశించి, తనకు అశ్వహృదయము చెప్పుమని అడిగిన కథ మీకందరకును తెలిసినదే. రథము మీద కూర్చున్నవాడును తోలువాడును విద్యలు మార్చుకొనిరి. ఈ సంఘములలో న్యాయవాది యొకడు కమ్మరివానియొద్ద వెల్డింగు నేర్చుకొనును. ఆ కమ్మరి ఇతనిచేత పాత పత్రములు చదివించుకొనును.

1953 లో 'జెనవీవ్' అను చలనచిత్రము వచ్చినది. ఇద్దరు మిత్రులు పాతబండ్లతో బ్రైటను యాత్రకు పోయి, అక్కడ మాటామాటా పెరిగి, తిరుగుదారిలో వెస్టుమినిస్టరు వంతెన నెవరు ముందు చేరుదురని నూరు పౌనులు పందెము వేసికొందురు. సంఘము వలదన్న పనినే వారు చేసిరి. స్నేహము తెగువరకు వచ్చెను. గెలుపు దగ్గరపడిన సమయమున ఒక వృద్ధుడు కథానాయకుని ఆపి, తన పడుచుతనములో ఇట్టి బండియే తనకుండెడిదని చెప్పదొడగును. క్షణములు జారిపోవుచున్నను ఆ యువకుడు ఓపికతో వినును. ఆ చిత్రము తరువాత పాతబండ్ల మీది మక్కువ దేశమంతట పెరిగినది. ఆ బండి నేడు హాలెండులోని హేగు నగరమున నొక ప్రదర్శనశాలలో నున్నది.

ఆ మక్కువతో వెలలును పెరిగినవి. ఇది మేలు కొంతయు, కీడు కొంతయు. తుక్కుకు పోవలసినవి నిలిచినవి, నిజమే. కాని లక్షలు పెట్టి కొని, పట్టుగుడ్డ కప్పి, ఎన్నడును హాండిలు త్రిప్పనివారును బయలుదేరిరి. గ్రంథమును విప్పక పూజచేయువానికిని వీరికిని తేడా లేదు. నడిపించు విద్య తెలిసినవారు ముసలివారగుచున్నారు. ఆ విద్య పుస్తకమునుండి రాదు, చేతినుండి చేతికి రావలెను. అందుచేత యువకులను ప్రక్కసీటులో కూర్చుండబెట్టుకొని యాత్రలకు తీసికొనిపోవుట మంచి సంఘముల వాడుక. మఱియొక చిక్కు ఇంధనము. 2021 నుండి ఇంగ్లండున సాధారణ పెట్రోలులో నూటికి పది పాళ్లవరకు ఎథనాలు కలుపుచున్నారు. ఎథనాలు గాలిలోని తడిని పీల్చుకొనును. పాత రబ్బరు గొట్టములను మెత్తబరచును. కొన్ని లోహములను తినివేయును. ఏ గొట్టము మార్చవలెనో, ఏ పెట్రోలు పోయవలెనో తెలిసికొనుటకు కూడ సంఘమే దిక్కు.

మన దేశమున స్టేట్స్‌మన్ పత్రికవారు 1964 నుండి ఢిల్లీలోను, 1968 నుండి కలకత్తాలోను పాతబండ్ల రాలీలు ఆరంభించిరి. 2021 లో కేంద్రప్రభుత్వము ఏబదియేండ్లు దాటిన బండ్లకు వేరు రిజిస్ట్రీ పద్ధతి పెట్టి, నంబరుపలకపై 'వీఏ' అను అక్షరములుండవలెననియు, ప్రదర్శనలు, రాలీలు మొదలగు కొన్ని పనులకే తప్ప నిత్యవ్యవహారమునకు నడుపరాదనియు నియమించినది. హైదరాబాదులో చౌమహల్లా రాజప్రాసాదమునకు పోయినవారు నిజాముగారి పసుపుపచ్చని రోల్సురాయిసు బండిని చూచియుందురు. దానిని ఆరవ నిజాము కోరగా, ఆయన మరణానంతరము ఏడవ నిజాము కాలమున అది వాడుకలోనికి వచ్చెను. అది చూచుటకు అందమైనది. ఐనను నాకు దానికంటె గొప్పగా తోచునది వేఱొకటి కలదు. 1914 లో ఇంగ్లండున జాన్ మారిస్ కంపెనీవారు కట్టిన అగ్నిమాపకయంత్రము సికిందరాబాదులో నిజాము రైల్వేవారి కొలువున చాలకాలము మంటలార్పినది. ఇప్పుడది ఢిల్లీలోని జాతీయ రైలు ప్రదర్శనశాలలో నున్నది. స్టేట్స్‌మన్ రాలీలకు అది గంట మ్రోగించుకొనుచు, రాజుల బండ్ల నడుమ తన యింజనుతో తానే నడచివచ్చి, బహుమానములును పొందినది.