మహేంద్రగిరి నుండి హిమగిరికి: ట్రెక్కింగులో గైడు పాత్ర

ప్రవేశిక

ఉత్తరాంధ్రకు కొండనడక కొత్త కాదు. శ్రీకాకుళం జిల్లా సరిహద్దున, ఒడిశాలోని గజపతి జిల్లాలో ఉన్న మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. కళింగ గాంగరాజులు తమ శాసనాల్లో ఈ గిరిపై వెలసిన గోకర్ణస్వామిని స్తుతించారు. శివరాత్రికి భక్తులు నేటికీ ఈ కొండ ఎక్కుతారు. ఈ అనుభవం నేపాల్ ట్రెక్కింగుకు ఎంతవరకు తోడ్పడుతుందో, ఎక్కడ చాలదో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పదాలు – అర్థభేదాలు

తెలుగులో ట్రెక్కింగును తరచు పర్వతారోహణమనే వ్యవహరిస్తారు. నిజానికి రెండూ వేరు. 2014 మే 25న పదమూడేళ్ల మలావత్ పూర్ణ ఎవరెస్టు శిఖరాన్ని చేరడం పర్వతారోహణం. నేపాల్ వైపున 5,364 మీటర్ల ఎత్తులో ఉన్న బేస్ క్యాంపు వరకు కాలిబాటన నడవడం ట్రెక్కింగు. 1964లో జిమ్మీ రాబర్ట్స్ నెలకొల్పిన సంస్థతో నేపాల్‌లో ఈ నడక విహారయాత్రగా రూపొందింది. అలాగే ‘షెర్పా’ వృత్తినామం కాదు; ‘తూర్పువారు’ అనే అర్థమున్న జాతినామం. తమాంగులు, గురుంగులు, రాయీలు కూడా గైడ్లుగా పనిచేస్తారు.

ఎత్తు – శరీరం

మహేంద్రగిరి కాళ్లకు బలమిస్తుంది. హిమాలయాల ఎత్తుకు శరీరాన్ని అలవాటు చేయలేదు. బేస్ క్యాంపు వద్ద వాయుపీడనం సముద్రతీరంలో ఉన్నదానిలో దాదాపు సగమే. కనుక ప్రతి శ్వాసలోనూ అందే ప్రాణవాయువు ఆ మేరకు తగ్గుతుంది. సాధారణంగా 2,500 మీటర్లు దాటాక తలనొప్పి, వికారం, నిద్రలేమి మొదలుకావచ్చు. వయసు, దేహదారుఢ్యం దీనికి రక్షణ కావు. 3,000 మీటర్లు దాటాక రాత్రి బస ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచరాదు. మూడు నాలుగు రోజులకొకసారి ఆగాలి. 3,440 మీటర్ల ఎత్తున్న నామ్‌చే బజారులో అదనంగా ఒక రోజు నిలపడానికి కారణమిదే.

గైడు బాధ్యత

బరువు మోయడం పోర్టరు పని. దారి చూపడం గైడు పనిలో ఒక భాగం మాత్రమే. ఎవరు తడబడుతున్నారో, ఎవరు అన్నం మానేశారో గమనించి, అవసరమైతే యాత్రికుణ్ణి వెనక్కు మళ్లించడం అతని ప్రధాన బాధ్యత. మెదడులోనో ఊపిరితిత్తుల్లోనో నీరు చేరితే వెంటనే కిందికి దిగడమే ప్రాణరక్షణ. చెల్లించిన సొమ్ము, ముగుస్తున్న సెలవులు, తిరుగు ప్రయాణపు టికెట్టు యాత్రికునిచేత తలనొప్పిని దాచిస్తాయి. దాచిన లక్షణాన్ని ఎంతటి గైడయినా పసిగట్టలేకపోవచ్చు.

ముగింపు

మహేంద్రగిరి యాత్రలో గమ్యం శిఖరంపై ఉన్న దైవం. అక్కడికి చేరితేనే యాత్ర సఫలం. ఆ భావనను హిమాలయాలకు యథాతథంగా తీసుకుపోతే ప్రమాదం. అక్కడ క్షేమంగా దిగి రావడమే యాత్రాఫలం. గైడు ‘ఇక చాలు’ అన్నచోట ఆగడం ఓటమి కాదని తీరప్రాంత యాత్రికుడు బయలుదేరకముందే గ్రహించాలి.