గొట్టపు ఎనిమోన్లు: పోలిక వేరు, వంశం వేరు

ఉత్తర ఐరోపా సముద్రాల బురద అడుగున పువ్వుల్లా విచ్చుకొని, అలికిడి కాగానే క్షణంలో మాయమయ్యే జీవులున్నాయి. వీటిని గొట్టపు ఎనిమోన్లు అంటారు. తమ దేహం నుండి సన్నని దారాలను వెలువరించి, వాటికి జిగురును, బురదను చేర్చి ఇవి గొట్టం కట్టుకుంటాయి. ఆపద ఎదురైతే అందులోకి ముడుచుకుపోతాయి. ఆ దారాలనిచ్చే ప్రత్యేక కణాలు మరే జీవిలోనూ లేవు.

ఇంతకూ వీటి వంశమేది? చూపులకు ఇవి సీ ఎనిమోన్లే. కాని శరీర నిర్మాణంలోని కొన్ని లక్షణాలను బట్టి 19వ శతాబ్దం చివరలో వీటిని నల్ల పగడాలతో ఒకే సమూహంలో చేర్చారు. జన్యువులను పోల్చి చూశాక ఆ బంధుత్వం నిలవలేదు. నల్ల పగడాలు గట్టి పగడాలకు దగ్గరివని, గొట్టపు ఎనిమోన్లది ఏనాడో విడిపోయిన వేరొక శాఖ అని తేలింది.

వీటి పిల్లలు కూడా మనుషులను తికమక పెట్టాయి. నార్వేలో చర్చి గురువుగా పనిచేస్తూ ప్రకృతిని పరిశీలించిన మైకేల్ సార్స్, నీటిలో తేలే ఒక చిన్న జీవికి 1846లో అరాక్నాక్టిస్ అని పేరు పెట్టాడు. అటువంటివి గొట్టపు ఎనిమోన్ల పిల్లదశలేనని తరువాత తెలిసింది. ఏ పిల్ల ఏ తల్లిదో రూపాన్ని బట్టి చెప్పడం కష్టం. రెండింటి డీఎన్‌ఏను పోల్చితే తేల్చవచ్చు.

పద్ధతి సులభంగానే తోస్తుంది. చిన్న కణజాలపు ముక్కను ఆల్కహాల్‌లో భద్రపరచి, కొన్ని జన్యువుల అక్షరక్రమాన్ని చదివి, తెలిసిన జాతులతో సరిచూస్తారు. అయితే చిక్కులూ ఉన్నాయి. పాత మ్యూజియం నమూనాలలో చాలా వాటిని ఫార్మలిన్‌లో ఉంచారు. అది డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది. పగడాల బంధువర్గంలో మైటోకాండ్రియా జన్యువులు తరచు నెమ్మదిగా మారుతాయి గనుక, ఒక్క జన్యువు సాక్ష్యం చాలదు. కణకేంద్రకంలోని జన్యువులనూ చూడవలసి ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, పోల్చడానికి పెట్టుకున్న నమూనాకు నిపుణుడు సరైన పేరు పెట్టి ఉండాలి. ఆ పేరే తప్పయితే దానిపై ఆధారపడిన ప్రతి నిర్ణయమూ తప్పే అవుతుంది.

ఈ శ్రమ పేర్ల కోసం మాత్రమే కాదు. స్కాట్లాండ్ సముద్రపు పాయలలో బాణసంచా ఎనిమోన్ అనే పెద్ద జాతి ఉంది. అక్కడ రక్షణలో ప్రాధాన్యం ఇవ్వవలసిన సముద్ర జీవుల జాబితాలో దానికి చోటు దక్కింది. అడుగును ఈడ్చుకుపోయే వలలు దాని నివాసానికి ముప్పు. అదే సముద్రాలలో లాయిడ్ పేరుతో పిలిచే చిన్న జాతి విరివిగా దొరుకుతుంది. పెద్ద జాతి పిల్లను చిన్న జాతిగా పొరబడితే, కాపాడవలసిన చోటు కాపలా లేకుండా మిగిలిపోతుంది. దేన్ని కాపాడాలో తెలియాలంటే ముందు అదేమిటో సరిగా తెలియాలి. కన్ను, సూక్ష్మదర్శిని, జన్యువు, ఈ మూడు సాక్ష్యాలూ కలిసినప్పుడే ఆ నిర్ధారణకు బలం చేకూరుతుంది.