పిల్లికి మన మాత్రలు వేయకండి!

ఓపీలో చూపించుకుని వెళ్తూ కొందరు గుమ్మం దగ్గర ఆగుతారు. ‘మా పిల్లికి నిన్నట్నుంచి వాంతులండీ. నాకు రాసిన మాత్రే సగం వేయొచ్చా?’ అని అడుగుతారు. నేను మనుషుల డాక్టర్ని, పిల్లికి మందు రాయలేను. కానీ వద్దని చెప్పడం మాత్రం నా బాధ్యత. ముఖ్యంగా పారాసెటమాల్ విషయంలో. మన కాలేయం దాన్ని హాని లేని పదార్థంగా మార్చి బయటికి పంపేస్తుంది. పిల్లి కాలేయానికి ఆ శక్తి చాలా తక్కువ. ఒక్క మాత్రతోనే రక్తం ఆక్సిజన్‌ను మోయలేక ప్రాణం పోవచ్చు.

కడుపు ఎందుకు పాడవుతుంది?

చాలాసార్లు మనం పెట్టే తిండే కారణం. తల్లిపాలు మానేశాక చాలా పిల్లులకు పాలలోని లాక్టోజ్ అరగదు, విరేచనాలవుతాయి. మంచినీళ్లు చాలు. మన గోదావరి జిల్లాల్లో చేప తెచ్చిన రోజు పిల్లి వాటా తప్పదు కదా! పచ్చి పేగులు, ముళ్లు పడేయకండి. ముల్లు గొంతులోనో పేగులోనో గుచ్చుకోవచ్చు. ఉప్పూకారం లేకుండా ఉడికించి, ముళ్లు తీసి కొంచెం పెట్టండి. ఉల్లి, వెల్లుల్లి వేసిన పులుసన్నం వద్దు. అవి పిల్లి ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి.

కడియం నర్సరీల నుంచి మొక్కలు తెచ్చుకునేవారికి మరో మాట. దండల్లో కట్టే లిల్లీ వేరు, పెద్ద పూల లిలియం వేరు. లిలియం ఆకు కొరికినా, పుప్పొడి నాకినా పిల్లి కిడ్నీలు పాడవుతాయి. మొదట కనిపించేది వాంతులే.

ఇంట్లో ఏం చేయాలి?

ఒళ్లు నాకినప్పుడు మింగిన వెంట్రుకలు అప్పుడప్పుడూ ఉండలా వాంతి కావడం మామూలే. ఒకట్రెండు సార్లు వాంతో విరేచనమో అయినా హుషారుగా తింటుంటే ఒక రోజు గమనించవచ్చు. ఉడికించిన కోడిమాంసం ఎముకలు తీసి కొద్దికొద్దిగా పెట్టండి. ‘లంఖణం పరమౌషధం’ అన్న మాట పిల్లికి పనికిరాదు. రెండు మూడు రోజులు తినకపోతే, అందులోనూ లావుగా ఉన్న పిల్లికి, కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికొస్తుంది.

వెంటనే తీసుకెళ్లాల్సినవి

• రోజంతా ఏమీ తినకపోయినా, తాగిన నీళ్లు కూడా కక్కేస్తున్నా.

• వాంతిలో గానీ విరేచనంలో గానీ రక్తం కనిపించినా, చిగుళ్లు పాలిపోయినా, పచ్చబడినా.

• టీకా వేయని కూనకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నా. ఇది పాన్‌ల్యూకోపీనియా వైరస్ కావచ్చు. కూనలకు చాలా ప్రమాదం.

• నోట్లో గానీ మలద్వారం దగ్గర గానీ దారం కనిపించినా. లాగకండి, పేగు కోసుకుపోతుంది.

• మగపిల్లి పదేపదే ముక్కుతున్నా. మలబద్ధకం అనుకుంటాం కానీ మూత్రం ఆగిపోయి ఉండవచ్చు. మర్నాటి దాకా ఆగకండి.

దగ్గర్లోని ప్రభుత్వ పశువైద్యశాలకు వెళ్లండి. ఎప్పట్నుంచి, ఎన్నిసార్లు, ఏం తిన్నాక అన్నది రాసుకుని, వాంతిని ఫోన్లో ఫొటో తీసి పట్టుకెళ్లండి.

ఇంట్లోవాళ్ల జాగ్రత్త

పిల్లి మలంలోని నులిపురుగుల గుడ్లు పిల్లల కడుపులోకి చేరవచ్చు. పశువైద్యుడు చెప్పిన ప్రకారం పిల్లికి నులిపురుగుల మందు వేయించండి. మలం ఏ రోజుకా రోజు తీసేసి, సబ్బుతో చేతులు కడుక్కోండి. గర్భిణులు ఆ పని చేయకూడదు. టాక్సోప్లాస్మా సోకితే కడుపులో బిడ్డకు హాని. అంతమాత్రాన పిల్లిని వదిలేయనక్కర్లేదు, ఆ పని ఇంట్లో మరొకరు చేస్తే సరిపోతుంది.

నా రోగులు ఎక్కడ నొప్పో నోటితో చెబుతారు. పిల్లి చెప్పలేదు. దాని తరఫున చెప్పాల్సింది మీరే.