గీత నుంచి గోడ దాకా

జఫర్‌గఢ్‌లో ఇల్లు కట్టినా, జనగామలో మూడంతస్తులు లేపినా మేస్త్రీ చేతిలో సాధారణంగా ఉండేది ప్లాన్ కాగితమే. పైపు ఎటు పోవాలో ప్లంబర్‌ది ఒక లెక్క, బీము ఎక్కడ రావాలో సెంట్రింగ్ వాళ్లది ఇంకో లెక్క. రెండూ ఒకచోట కలిసినప్పుడు, కట్టిన గోడకే గాడి కొడతారు. డబ్బు దండగ, గోడకు దెబ్బ.

ఈ చిక్కు కట్టకముందే బయటపడాలన్న ఆలోచనకు యాభై ఏళ్లు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ ఈస్ట్‌మన్ 1975లో దాన్ని ఒక వ్యాసంగా ప్రచురించారు. ప్లాన్, ఎలివేషన్, సెక్షన్ విడివిడిగా గీస్తే ఒకదాంట్లో దిద్దినది మరోదాంట్లో మిగిలిపోతుంది. అలా కాక భవనాన్ని కంప్యూటర్‌లో ఒక్కసారే వర్ణించి, కావలసిన డ్రాయింగులన్నీ దాని నుంచే తీసుకోవాలన్నది ఆయన ప్రతిపాదన.

1982లో వచ్చిన ఆటోకాడ్ డ్రాయింగ్ బల్లను కంప్యూటర్‌లోకి తెచ్చింది. కానీ అందులో గోడ అంటే రెండు గీతలే. హంగరీకి చెందిన గ్రాఫిసాఫ్ట్ సంస్థ ఆర్కికాడ్‌తో, 2000లో విడుదలైన రెవిట్‌తో పరిస్థితి మారింది. ఆటోకాడ్‌ను తయారుచేసే ఆటోడెస్క్ 2002లో 13.3 కోట్ల డాలర్లకు రెవిట్‌ను కొనేసింది. భవనాన్ని గీతలుగా కాక మోడల్‌గా వర్ణించే ఈ పద్ధతికి బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్, పొట్టిగా బిమ్, అన్న పేరు స్థిరపడింది.

బిమ్‌లో గోడ మీద నొక్కితే దాని మందం, ఎత్తు, ఇటుక రకం కనిపిస్తాయి. ఒక తలుపు తీసేస్తే ప్లాన్‌లోనూ ఎలివేషన్‌లోనూ అది మాయమవుతుంది, తలుపుల పట్టికలో లెక్క ఒకటి తగ్గుతుంది. ఆర్కిటెక్టు, స్ట్రక్చరల్ ఇంజినీరు, ప్లంబింగ్ నిపుణుడు తయారుచేసిన మోడళ్లను కలిపి చూస్తే, బీమును చీల్చుకుపోయే పైపును సాఫ్ట్‌వేరే పట్టిస్తుంది. అక్కడ దిద్దడానికి సుత్తి అక్కర్లేదు.

మన పొరుగున నాగపూర్ మెట్రో ఈ మోడల్‌కు పనుల కాలాన్ని, ఖర్చును కూడా జోడించి ఐదు కొలతల బిమ్‌గా వాడింది. బ్రిటన్ 2016 ఏప్రిల్ నుంచి కేంద్ర ప్రభుత్వ నిర్మాణాలకు బిమ్‌ను తప్పనిసరి చేసింది. సింగపూర్ 2015 నాటికి 5,000 చదరపు మీటర్లు దాటిన కొత్త భవనాల అనుమతికి మోడల్‌నే అడిగింది.

తెలంగాణ 2020లో టీఎస్ బీపాస్‌తో భవన అనుమతులను ఆన్‌లైన్ చేసింది, 2025లో వాటికే బిల్డ్‌నౌ అనే కొత్త వ్యవస్థ తెచ్చింది. ప్లాన్ నిబంధనలకు లోబడి ఉందో లేదో సాఫ్ట్‌వేరే చూస్తోంది. దారి సగం పడింది. మిగతా సగం పెద్ద ఆసుపత్రులు, కలెక్టరేట్ల వంటి ప్రభుత్వ భవనాలతో మొదలుకావాలి. టెండరులోనే మోడల్ అడగాలి, కట్టడం పూర్తయ్యాక దాన్ని నిర్వహణ సిబ్బందికి అప్పగించాలి. పాలిటెక్నిక్ విద్యార్థికి ఆటోకాడ్‌తో పాటు బిమ్ కూడా నేర్పాలి.

సొంత ఇల్లు కట్టుకునేవారు మోడల్ చేయించుకోలేకపోయినా, స్లాబు పోయకముందే ప్లంబర్‌నీ ఎలక్ట్రీషియన్‌నీ ఇంజినీరు ముందు కూర్చోబెట్టి ఒకే ప్లాన్ మీద పైపులు, వైర్లు గుర్తు పెట్టించండి.